రెండోసారి చదివేదాకా

పడవ నిండా జనం ఎక్కి కూర్చున్నారు. అయినా పడవ నడిపే పెద్దాయన తాడు విప్పలేదు. గుంజ మీద చెయ్యేసి రేడియోకి చెవి ఒగ్గాడు. ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తారో లేదో, నీరెంతుందో రోజూ పొద్దున్నే అందులో చదువుతారు. రెండుసార్లు చదువుతారు. రెండోసారి వినందే ఈ రేవులో ఏ పడవా కదలదు.

ఆ రెండోసారి ఈయన సాధించిందే. తమ్ముడి పడవ వరదలో కొట్టుకుపోయినప్పుడు, ఏడ్చిన కళ్లతోనే రేడియో కేంద్రానికి వెళ్లి కూర్చున్నాడు. "ఇంజన్ మోతలో మావాడికి మీ మాట వినపడలేదు. ఇంకోసారి చదివితే మీ నోరరిగిపోతుందా?" అని నిలదీశాడు. జనం సొమ్ముతో నడిచే రేడియో కాబట్టి గెంటెయ్యలేదు. మర్నాటి నుంచి రెండుసార్లు చదివారు.

ఇప్పుడు ఆ కేంద్రమే దండగట, మూసేస్తారట. పడవెక్కిన పాపాన పోని పెద్దమనుషులు చల్లటి గదిలో కూర్చుని ఈ ఉదయమే తేలుస్తారట.

"మూస్తే మూశారులే మావయ్యా, బోలెడు స్టేషన్లున్నాయి," అన్నాడు ఇంజన్ దగ్గరున్న అల్లుడు.

"ఏదీ, ఒకటి పెట్టు అల్లుడూ."

ఫోన్లో పెట్టాడు. పరుపుల ప్రకటన, పాట, సబ్బు ప్రకటన.

"గేట్లెత్తారో లేదో చెప్పిందా నీ సబ్బు?"

పడవంతా ఘొల్లుమంది.

అంతలో రేడియోలో నీటి వివరాలు చదివే ఆవిడ గొంతు. గేట్లు మూసే ఉన్నాయి, నీరు నిలకడగా ఉంది. ఒకసారి అయింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

"విన్నాంగా, పోనివ్వండి! నా ఆకుకూరలు వాడిపోతున్నాయి," అంది కూరగాయలావిడ.

పెద్దాయన రేడియోని చెవికి ఆనించుకున్నాడు. మూసేశారు, చదువుతుండగానే నోరు నొక్కేశారు అనుకున్నాడు. పక్క పడవల వాళ్లూ తాళ్ల మీద చేతులేసి బిగుసుకుపోయారు.

రేడియోలో కుర్చీ కిర్రుమంది. ఎవరో నవ్వారు.

"క్షమించాలి. ఇప్పుడే కబురొచ్చింది. మన కేంద్రాన్ని మూయడం లేదు." కాగితాలు తిరగేసిన చప్పుడు. "రేవులో వాళ్లు నన్ను తిట్టుకుంటూ ఉంటారు. నీటి వివరాలు మరోసారి..."

తెలిసిన ముక్కలే. అయినా పెద్దాయన చివరిదాకా విన్నాడు. తర్వాత ముడి విప్పబోయి తప్పు కొస పట్టి లాగాడు.

"నేను విప్పనా మావయ్యా? కళ్లలో నీళ్లేంటి?"

"నది చిందింది. నువ్వెళ్లి ఇంజన్ వెయ్యి."