భూమయ్య పంటి మీది గాటు

సిరిసిల్లలో చేతిమగ్గం పోయి కరెంటు సాంచె వచ్చిన చరిత్ర రాసినవాళ్లెవరూ భూమయ్య ముందుపంటిని పట్టించుకోలేదు. ఇది సామాన్యమైన లోపం కాదు. ముప్పయ్యేడేళ్లుగా ఆయన వీధిలో నేసిన బట్టలో కొన్ని వేల పోగులు ఆ పంటి కిందే తెగాయి. పోగు తెగితే సాంచె ఆపాలి, కొసలు కలిపి ముడి వేయాలి, మిగిలిన తోక తుంచాలి. ముడి వేయడం అందరికీ వచ్చు. వంగి, తల కాస్త ఎడమకు వాల్చి, టక్కున కొరికి, తుపుక్కున ఉమ్మి, ఆ తోక నేలను తాకేలోగా సాంచెను మళ్లీ నడిపించడం మాత్రం భూమయ్యకే చెల్లింది. ఈ నిరంతర కృషి ఫలితంగా ఆ పంటి అంచున మెంతిగింజ పట్టేంత గాటు పడింది.

భార్య రుక్కమ్మకు మనుషుల పేర్లకన్నా పండ్లే బాగా గుర్తుంటాయి. గ్యాస్ బండ తెచ్చేవాడు ఆమెకు ఎత్తుపండ్లాయన, కరెంటు బిల్లు ఇచ్చేవాడు సందుపండ్లోడు, ఎదురింటి మల్లక్క గారపండ్లది. ఈ బిరుదు మల్లక్క చెవిన ఇంకా పడలేదు గనుక వీధి ప్రశాంతంగా ఉంది. అంత పెద్ద జాబితాలో గౌరవస్థానం ఒక్కరికే దక్కింది: "మా ఇంటాయనది పనిపన్ను."

పోయిన శ్రావణంలో, మక్కకంకి కొరుకుతుండగా, ఆ పనిపన్ను సగానికి విరిగింది.

"ఒలుసుకొని తినరాదా! గదేమన్న పోగనుకున్నవా?" అంది రుక్కమ్మ.

మరునాటి నుంచి భూమయ్య నోట్లో మిగిలిన పండ్లన్నిటికీ అవకాశం ఇచ్చి చూశాడు. పక్కపన్ను దారాన్ని నమిలింది కానీ తెంపలేదు. కోరపన్ను తెంపింది కానీ పెదవిని కూడా కలుపుకొంది. దవడపండ్ల దాకా దారం చేరాలంటే తలకాయ సాంచెలో పెట్టాలి. వారం తిరిగేసరికి బట్ట నిండా తోకలు మొలిచాయి. సాంచెల యజమాని ఆసామి వచ్చి బట్ట తాను మీద చెయ్యి తిప్పి నిట్టూర్చాడు.

"భూమన్నా, గిది బట్టనా, మేకపిల్లనా? ఎవ్వడు తీసుకోడు. అచ్చే సోమారం దాకా చూస్త. కాకుంటే కండెలు సుట్టుదువు గని."

నాడెలో పెట్టే కండెలకు దారం చుట్టడం చెడ్డ పనేమీ కాదు, గోడవారన కూర్చుని చేసుకోవచ్చు. కానీ నాలుగు సాంచెల నడుమ నిలబడ్డ మనిషికి గోడవారన పీట వేయడమంటే, భూమయ్య దృష్టిలో, అది పదవీచ్యుతి.

కోరుట్లలో ఉన్న బిడ్డ రచన ఫోన్ చేసింది. "బాపూ, మా సందులనే పండ్ల డాక్టరమ్మ ఉన్నది. బస్సెక్కు."

చందుర్తి మీదుగా పోయే బస్సెక్కాడు. అయిదు రోజులు బిడ్డ ఇంట్లోనే ఉన్నాడు. డాక్టరమ్మ విరిగిన పంటిని అరగదీసి, అచ్చు తీసి, చివరికి క్యాపు తొడిగి అద్దం చేతికిచ్చింది. తెల్లగా, నున్నగా, పెళ్లికొడుకు నోట్లో ఉండాల్సిన పన్ను. భూమయ్య నాలుకతో అంచు తడిమాడు.

"గాటేది డాక్టరమ్మా?"

"ఏం గాటు అంకుల్?"

"నా గాటు. ముప్పయ్యేడేండ్ల సంది ఉన్నది."

"అది అరిగిన పన్ను అంకుల్. గాట్లు మూసేయమనే వస్తరు అందరు."

"అందరు సాంచెలు నడుపుతరా?"

పక్కనే ఉన్న రచన తల పట్టుకుంది. "బాపూ, ఇజ్జత్ తీయకు. సక్కగున్న పన్నుకు గాటు పెట్టుమంటరా ఎవలన్న?"

"నీకేం ఎరుక బిడ్డా! సోమారం నేను నవ్వేది లేదు, కొరికేది ఉన్నది."

డాక్టరమ్మ మిషను అందుకుంది. భూమయ్య జేబులోంచి కండె తీశాడు. ఆమె గీసింది, ఆయన కొరికాడు. "ఇంకింత ఎడమకు." మళ్లీ గీసింది. నాలుగోసారికి టక్కుమంది. తన చదువులో ఎక్కడా లేని వాక్యాన్ని ఆమె చీటీ మీద రాసింది: గాటు రోగి కోరిక మేరకు పెట్టడమైనది, గ్యారంటీ వర్తించదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి రెండో సాంచె మీద పోగు తెగింది. భూమయ్య ముడి వేశాడు, వంగాడు, తల వాల్చాడు. టక్. తుపుక్. సాంచె నడిచింది. సాయంత్రం ఆసామి తాను మీద చెయ్యి తిప్పాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"నడుపన్నా," అని వెళ్లిపోయాడు.

ఈ విజయానికి సాక్షులెవరైనా ఉన్నారేమోనని భూమయ్య చుట్టూ చూశాడు. పక్క సాంచెల దగ్గర సాయినాథ్, ఆయనకన్నా ముప్పయ్యేళ్లు చిన్నవాడు, అప్పుడే ఓ ముడి వేసి, మెడలో తాడుకు వేలాడుతున్న చిన్న కత్తెరతో తోక కత్తిరిస్తున్నాడు. ఆ కత్తెరలు నిరుడు ఆసామి అందరికీ ఒక్కొక్కటి ఇచ్చినవే. భూమయ్యది ఇంట్లో ఉంది. రుక్కమ్మ దాంతో పాల ప్యాకెట్లు కత్తిరిస్తుంది.