జాబితాలో పెసరట్టు

దయ్యాలు, ఆత్మల గురించిన పుస్తకాలకు మా లైబ్రరీలో 133 అనే సంఖ్య వేస్తాం. ఇరవై రెండేళ్లుగా వాటిని అరల్లో సర్దుతున్నాను. కొన్ని చదివాను కూడా. ఒక్కదాన్నీ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. చూసింది చూసినట్టు రాసి పెడుతున్నాను.

మా విశ్వవిద్యాలయానికి సికింద్రాబాద్‌లో ఒక చిన్న ప్రాంగణం ఉంది. అక్కడి లైబ్రరీలో నా చోటు నేలకు దిగువన ఉన్న గది. పాత పుస్తకాలన్నీ అందులోనే ఉంటాయి. ఆ గదిలో ఫోన్ సిగ్నల్ రాదు. క్యాంపస్ వైఫై మాత్రం వస్తుంది, కాల్స్ కూడా దాని మీదే.

నా భార్య సుగుణది తెనాలి. పెళ్లయ్యాక యాప్రాల్‌లో కాపురం పెట్టాం. సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెప్పేది. నలభై మూడో ఏట ఉర్దూ నేర్చుకుంటానంది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ బోర్డుల మీద సగం రాతలు చదవలేకపోవడం ఆమెకు చిన్నతనంగా అనిపించేది. మంగళవారం, శుక్రవారం ఉదయం పదకొండింటికి ఆన్‌లైన్ క్లాసు. మా ఇంట్లో నెట్ మాటిమాటికీ ఆగిపోయేది. అందుకని ఆ రెండు రోజులూ నా స్కూటర్ మీద నాతో వచ్చి, లైబ్రరీ రెండో అంతస్తులో రీడింగ్ హాల్ కిటికీ పక్కన కూర్చునేది. క్లాసు అయ్యాక, సాయంత్రం నాలుగున్నరకు నేను బయల్దేరే దాకా అక్షరాలు దిద్దుకునేది.

మా ఉద్యోగులు ఒక్కొక్కరు రెండు పరికరాలను వైఫైకి కలుపుకోవచ్చు. ఆఫీసులో నాకిచ్చిన కంప్యూటర్‌కు నెట్ తీగతోనే వచ్చేది కాబట్టి నాకు ఫోన్ ఒక్కటే అవసరం. రెండో చోటు ఖాళీ. అది ఇంట్లోవాళ్ల కోసం కాదని నాకు తెలుసు. కంప్యూటర్ విభాగంలో పనిచేసే రఫీకీ తెలుసు. రఫీది మౌలాలి. మంచివాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆమె ల్యాప్‌టాప్‌ను కలిపిన రోజు నాకు బాగా గుర్తుంది. రఫీ గదిలో ముగ్గురం కూర్చున్నాం. అతను ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది.

"మేడమ్, యూజర్ ఐడీ అంతా చిన్న అక్షరాలే. ఒక్క పెద్ద అక్షరం పడ్డా లోపలికి రానియ్యదు. దాని తర్వాత సర్టిఫికెట్ ఎక్కియ్యాలె."

"ఏవండీ, మన పెళ్లికి కూడా ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు కదండీ!"

"పెళ్లికి అడగరు మేడమ్. అందుకే తర్వాత తక్లీఫ్ అయితది."

మూడుసార్లు కుదరలేదు. చివరికి తేలిందేమిటంటే నేను చెప్పిన పాస్‌వర్డ్ పాతది. ఆ తప్పును ఆమె చాలాకాలం బంధువులందరికీ చెప్పింది.

పరికరానికి ఒక పేరు పెట్టమన్నాడు రఫీ. టేబుల్ మీద ఆమె టిఫిన్ డబ్బా తెరిచి ఉంది. అందులోంచి అతనికి అప్పటికే ఒకటి పెట్టింది. "పెసరట్టు అని పెట్టు రఫీ. అదైతే మరిచిపోను" అంది. అతను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి నవ్వాడు. "మా సర్వర్ల గిసొంటి పేరు ఇప్పటిదాంక లేదు మేడమ్."

తర్వాత రెండేళ్లు అలాగే గడిచాయి. రఫీ అప్పుడప్పుడు ఆమె ఉచ్చారణ సరిచేసేవాడు. "ఖ గొంతులకెళ్లి రావాలె మేడమ్" అనేవాడు. "ఇంట్లో అలా అంటే మీ సార్ మిరియాల కషాయం పెడతారు" అనేది ఆమె. స్కూటర్ మీద వెనక కూర్చుని దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ చదివేది. అవి కుడి నుంచి ఎడమకు. "కొంచెం నెమ్మదండీ, ఆ బోర్డు ఇంకా పూర్తి కాలేదు" అనేది. నేను నెమ్మదించేవాణ్ణి. వెనక ఆటోవాళ్లు తిట్టేవారు.

నిరుడు వానాకాలంలో ఆమెకు జబ్బు చేసింది. నాలుగు నెలలు. ఆ వివరాలు ఇక్కడ అక్కర్లేదు.

జబ్బుకు కొద్దిరోజుల ముందు ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బింది. పార్క్‌లేన్‌లో ఒక షాపతను దాన్ని తీసేసి, ఇక చార్జర్ తగిలిస్తేనే పనిచేస్తుందన్నాడు. కొత్తది వేయించే తీరిక మాకు దొరకలేదు. ఆమె పోయాక ల్యాప్‌టాప్‌ను బీరువాలో పెట్టాను. చార్జర్ తీగ చుట్టి పక్కన పెట్టాను. మళ్లీ తీయలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆఫీసువాళ్లు నా పాత కంప్యూటర్ తీసుకెళ్లి కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. పుస్తకాల నమోదు ఇకమీదట దాంట్లోనే చేయాలి. అది క్యాంపస్ వైఫై మీదే నడుస్తుంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం దాన్ని పట్టుకుని రఫీ దగ్గరికి వెళ్లాను. అతను చెప్పకముందే ఏం చేయాలో నాకు తెలుసు. సుగుణ వంట చెప్పినట్టు చెబుతుంటే ఎన్నోసార్లు విన్నాను. చిన్న అక్షరాలు, సర్టిఫికెట్, తర్వాత ఊపిరి పీల్చుకుని కనెక్ట్. అన్నీ సరిగ్గానే చేశాం. పరికరాల పరిమితి పూర్తయిందని తెర మీద వచ్చింది.

రఫీ తన కంప్యూటర్‌లో నా జాబితా తెరిచాడు. రెండు పేర్లున్నాయి. పైన నా ఫోన్, కింద పెసరట్టు. రెండింటి పక్కనా ఆకుపచ్చ చుక్కలున్నాయి. పరికరం అప్పుడు వైఫై మీద ఉంటేనే ఆ చుక్క ఆకుపచ్చగా ఉంటుంది.

అతను కింది చుక్కను నొక్కి చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"సార్, మేడమ్ ల్యాప్‌టాప్ ఇయ్యాల తెచ్చిండ్రా?"

"లేదు. ఇంట్లో ఉంది. దానికి బ్యాటరీ కూడా లేదు."

"మరి గిదేంది సార్? రెండో అంతస్తు, రీడింగ్ హాల్ల ఉన్నట్టు చూపిస్తున్నది."

పాత కనెక్షన్ చెరిగిపోకుండా ఉండిపోయిందేమోనని దాన్ని తెంపాడు. చుక్క ఎర్రగా మారింది. నిమిషం లోపే మళ్లీ ఆకుపచ్చ అయింది.

ఇద్దరం పైకి వెళ్లాం. హాల్లో నలుగురు విద్యార్థులున్నారు. కిటికీ పక్క టేబుల్ దగ్గర ఎవరూ లేరు. రఫీ నలుగురి ల్యాప్‌టాప్‌లూ చూశాడు. వాళ్లవి వాళ్ల పేర్లతోనే ఉన్నాయి. ఒకమ్మాయి కంగారుపడింది. "అన్నా, నెట్ గిట్ల బంద్ చేస్తున్నవా ఏంది? జెర పది నిమిషాలు ఆగవా, ఫీజు కడుతున్న." ఏమీ లేదని చెప్పి కిందికి వచ్చేశాం.

రఫీ పాత రికార్డులు తీశాడు. మూడు నెలలవి మాత్రమే ఉంటాయట. తెర నా వైపు తిప్పాడు. పెసరట్టు మంగళ, శుక్రవారాల్లోనే వచ్చింది. ఉదయం పదకొండు ప్రాంతంలో కలుస్తుంది, సాయంత్రం నాలుగున్నర తర్వాత తెగిపోతుంది. నెట్ దాదాపు వాడలేదు. ఊరికే కలిసి ఉంది.

మధ్యలో ఒక వారం మంగళవారమూ లేదు, శుక్రవారమూ లేదు. సెలవులేమోనన్నాడు రఫీ. కాదు. ఆ వారం లైబ్రరీ తెరిచే ఉంది. నాకే జ్వరం వచ్చి ఐదు రోజులు ఇంట్లో పడుకున్నాను.

ఆ మాట రఫీకి చెప్పాను. అతను కుర్చీ వెనక్కి జరిపి లేచి, చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చాక అన్నాడు:

"ఒక్కో మిషన్‌కు ఒక వైఫై నంబర్ ఉంటది సార్. ఎవడన్న దాన్ని కొట్టేసి వాడుతున్నడేమో. పోరగాళ్లు చేస్తరు గసొంటివి. కానీ మీ జ్వరం సంగతి వాళ్లకెట్ల ఎరుక?"

కొత్తది కలవాలంటే ఉన్న రెండింటిలో ఒకటి తీసేయాలి. "ఏది తీయాలె సార్?" అని అడిగాడు. ఒకసారి తీసేస్తే, మళ్లీ చేర్చడానికి ఆ ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాలి. అది ఉద్యోగిదేనని రుజువు కూడా ఇవ్వాలి. కొత్త రూలు. అంటే పెసరట్టు మళ్లీ రాదు. శుక్రవారం చెబుతానని, పెసరట్టు నంబరు ఒక చీటీ మీద రాయించుకున్నాను.

ఆ సాయంత్రం బీరువా తెరిచాను. ల్యాప్‌టాప్ పెట్టినచోటే ఉంది, పైన దుమ్ముతో. చార్జర్ పక్కనే ఉంది. ల్యాప్‌టాప్ తిప్పి చూశాను. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ. అడుగున అంటించిన కాగితం మీద నంబరు ఉంది. రఫీ రాసిచ్చిన చీటీతో పోల్చాను. అంకెలూ అక్షరాలూ కలిపి పన్నెండూ ఒకటే.

రెండు రోజులు పని సాగలేదు. నమోదు చేయాల్సిన పుస్తకాలు టేబుల్ మీద పేరుకుపోయాయి. ఎందుకు ఆలస్యమని పై అధికారి రెండుసార్లు అడిగారు. నెట్ సమస్య అని చెప్పాను. ఆ రెండు రోజులూ పెసరట్టు పక్కన చుక్క ఎర్రగానే ఉందని రఫీ చెప్పాడు.

శుక్రవారం ఎప్పటిలాగే స్కూటర్ మీద వచ్చి, నా గదిలోకి దిగకుండా నేరుగా రఫీ దగ్గరికి వెళ్లాను. ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. పదకొండు దాటి ఎనిమిది నిమిషాలకు చుక్క ఆకుపచ్చ అయింది. రెండో అంతస్తు, రీడింగ్ హాల్. దారిలో స్కూటర్ వెనక ఏమైనా తెలిసిందా అని రఫీ అడగలేదు. అడిగితే లేదనే చెప్పేవాణ్ణి. నిజంగా ఏమీ తెలియలేదు.

"ఇప్పుడు చెప్పుండ్రి సార్. ఏది తీయాలె?"

"ఫోన్ తీసేయ్."

"మీ ఫోనా? కింద మీకు సిగ్నలే రాదు. ఎవరన్న కాల్ చేస్తే ఎట్ల?"

మధ్యాహ్నం ఒంటిగంటకు, తిన్నారా అని ఫోన్ చేసే మనిషి ఒక్కతే. అది అతనితో అనలేదు. పరవాలేదు, తీసేయమన్నాను.

అతను నా ఫోన్‌ను జాబితాలోంచి తీసేశాడు. కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారే కలిసింది. గడప దాటుతుంటే వెనక నుంచి అన్నాడు, "సార్, ఈ ముచ్చట నేను ఎవ్వరికీ చెప్ప." ఇప్పటిదాకా చెప్పలేదు. అందుకే అతని అసలు పేరు కూడా ఇక్కడ రాయలేదు.

తెలిసిన ఒక ఇంజనీరుకు, వేరేవాళ్ల సంగతిగా చెప్పి, ఇలా జరగడానికి వీలుందా అని అడిగాను. నంబరు నకలు చేయడం తేలికేనన్నాడు. ఎవరు చేస్తారు, ఎందుకు చేస్తారు, ఆ ఉద్యోగి రాని రోజు ఎందుకు మానుకుంటారు అంటే, అది కంప్యూటర్ల ప్రశ్న కాదన్నాడు.  నేను చదివిన పుస్తకాల్లోనూ జవాబు దొరకలేదు. ఏ సంఖ్య కింద వెతకాలో కూడా నాకు తెలియదు.

పెసరట్టు వచ్చే రోజుల్లో నేను పైకి వెళ్లి చూడను. రఫీని జాబితా తెరవమని అడగను. మంగళ, శుక్రవారాల్లో సెలవు పెట్టడం మాత్రం మానేశాను.