ఫైర్‌వాల్ మింగిన శుక్రవారాలు

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి నేను. అందుకే కంటికి ఏది అడ్డం వచ్చినా చదువుతాను. అగ్గిపెట్టె మీదిది, బస్సు వెనకది, మందు సీసా మీదిది. చిన్నప్పుడే బడికి పోయినవాళ్లకు ఈ రోగం లేదు. చదువు వచ్చు కాబట్టి ఇక చదవనక్కర్లేదని వాళ్ల నమ్మకం. ఈ మాట ఎవరిని అంటున్నానో దాచడమెందుకు? మా అల్లుణ్ణి.

అల్లుడు కరీంనగర్‌లో ఉంటాడు. ఇంజనీరింగు చదివాడు, పొద్దంతా కంప్యూటర్ల ముందే ఉద్యోగం. నేను శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి దిగి ఎక్కి, రిటైరై, అక్కడే కోడలితో, మనవరాలితో ఉంటున్నాను. కొడుకు గల్ఫ్‌లో టైల్స్ మేస్త్రి. వారమంతా ఎవరివో అంతస్తులకు టైల్స్ పరుస్తాడు. శుక్రవారం సెలవు. ఆ సెలవునాడు తిని, క్యాంపు రూములో మంచం మీద కూర్చుని, పదకొండేళ్ల కూతురితో కలిసి మళ్లీ ఇల్లే కడతాడు, కంప్యూటర్ ఆటలో. దిమ్మె మీద దిమ్మె పెట్టి గోడలు లేపుతారు. ఆట మా ఇంటి కంప్యూటర్‌లో నడుస్తుంది, వాడు అక్కడి నుంచి అందులోకి వస్తాడు.

పని దినం అదే, సెలవు దినం అదేనా అని వాణ్ణి ఎక్కిరించేవాణ్ణి. కానీ తండ్రీ కూతురూ నిజంగా మాట్లాడుకునేది ఆ ఒక్క గంటే. ఫోన్‌లో అయితే తిన్నవా అంటే తిన్న అనడంతో అయిపోతుంది. ఆటలో కిటికీ ఎటువైపు పెట్టాలో గంటసేపు కొట్లాడుకుంటారు.

ఎండాకాలంలో ఆ కంప్యూటర్ మొరాయించింది. అల్లుడు వచ్చి, ఆటలో వాళ్లు కట్టిన ఇల్లును పదిలంగా పక్కకు తీసిపెట్టి, మిగతాదంతా తుడిచేసి మళ్లీ ఎక్కించాడు. ఆట తెరవగానే నడిమధ్య ఒక పెట్టె లేచింది. నిండా రాత. నేను వంగి మొదటి పదం కూడబలుక్కునేలోపే అల్లుడు టక్కున ఏదో నొక్కి మాయం చేశాడు. ఏం రాసి ఉందో చూడవా అని అడిగాను.

"గియి ఊకె వస్తయి మామా. అన్ని సదువుకుంట కూసుంటె పనైతదా" అన్నాడు.

ఆ శుక్రవారం కొడుకు ఆటలోకి రాలేకపోయాడు. ఎన్నిసార్లు ప్రయత్నించినా కలవలేదు.

ఇక్కడ మా దిక్కు మనుషుల తెలివి చెప్పాలి. ఇంటికొకడు గల్ఫ్‌లో ఉండే ఊళ్లు మావి. అక్కడ కొన్ని రకాల కాల్స్ పోనివ్వరని అందరికీ ఎరుకే. దాంతో ఏది కలవకపోయినా మా నోట ఒకటే జవాబు. అక్కడ బంద్ చేసిండ్రు. ఫోటో రాకపోయినా అదే, మనిషి కావాలని ఫోన్ ఎత్తకపోయినా అదే. అల్లుడు అదే తేల్చాడు, కోడలు తలూపింది. నేను చాయ్ హోటల్ దగ్గర నలుగురిని కూర్చోబెట్టి అదే చెప్పి, అక్కడి సర్కారును తిట్టి కూడా వచ్చాను. మా గదిలో, మా బల్ల మీదున్న కంప్యూటర్ వైపు ఒక్కరమూ చూడలేదు. లేటుగా అక్షరాలు నేర్చి నేను వెలగబెట్టింది అంతే.

మనవరాలు ఊరుకోలేదు. ఆమె పోరు పడలేక అల్లుడు ఫోన్‌లో చెబుతూ చెబుతూ ఫైర్‌వాల్ తెరిపించాడు. కంప్యూటర్‌కు అది గేటు కాపలా అట. బయటి నుంచి ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో అందులో జాబితా ఉంటుంది. ఆటకు దారి ఇవ్వమని అందులో ఒక వరుస రాయించాడు. దానికి పేరు నువ్వే పెట్టుకో అంటే, పిల్ల 'డాడీ' అని పెట్టింది. తర్వాతి శుక్రవారమూ కలవలేదు. ఇంకొకటి రాయించాడు. ఆ పై వారం మూడోది. 'డాడీ' పేరున మూడు పచ్చ టిక్కులు పడ్డాయి, డాడీ మాత్రం రాలేదు. మన దిక్కు అంతా క్లియర్, ఇక చేసేదేం లేదు, అక్కడే బంద్ అని అల్లుడు చేతులు దులుపుకున్నాడు.

ఐదో శుక్రవారం కొడుకు నాకు ఫోన్ చేశాడు.

"బాపు, దాన్ని పరేషాన్ చెయ్యకుండ్రి. పెద్దగైతుంది, నాతోటి ఆడ బుద్ధయితలేదేమో. వచ్చే వారం సంది శుక్రారం గూడ డ్యూటీకి పేరిస్తున్న. రూముల ఊకె పండుడెందుకు."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే మనవరాలు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"డాడీకే ఇష్టం లేదు తాతా. బంద్ అని మీరందరు ఆయనకు మంచి సాకు దొరికిచ్చిండ్రు" అంది.

శుక్రవారం డ్యూటీలో పేరు ఒకసారి ఎక్కితే ఆ గంట పోయినట్టే. నాకు తెలుసు. బాయిలో ఆదివారం డ్యూటీ మరిగినవాణ్ణి నేను. నా కొడుకు చిన్నప్పటి ఆదివారం ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.

కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లను ఆ ఫైర్‌వాల్ జాబితా తెరవమన్నాను. చాంతాడంత ఉంది. పిల్ల సర్రున కిందికి జరుపుతుంటే చెయ్యి పట్టి ఆపాను. తెర మీద వేలు పెట్టి, బాయి బోర్డుల మీద నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలతో ఒక్కో వరుసా చదివాను. పైన 'డాడీ' మూడూ కనబడ్డాయి. చాలా కిందికి పోయాక ఆట అసలు పేరుతోనే మరో రెండు వరుసలు. వాటి ముందు పచ్చ టిక్కు లేదు, అడ్డగీత ఉన్న ఎర్ర గుండ్రం ఉంది. అవి ఆపే వరుసలని పిల్ల చెప్పింది. తాను రాయలేదట.

బాయిలో కప్పు బాగాలేని దారికి దుంగలు అడ్డం పెట్టి, షిఫ్టుకు పెద్ద అయిన సర్దార్ బోర్డు తగిలిస్తాడు. అక్షరం రాని రోజుల్లో ఒకసారి అలాంటి దుంగ కింద నుంచి దూరబోయాను. దారి మంచిగుందని ముందు షిఫ్టు వాళ్లు ముగ్గురు చెప్పారు మరి. సర్దార్ కాలర్ పట్టి వెనక్కి గుంజాడు. ఎంతమంది పొమ్మన్నా బోర్డు ఉన్నంతసేపు పోవద్దు, ముందు బోర్డు తీయాలి అన్నాడు. తర్వాత తిండి గంటలో బొగ్గు మోసే టబ్బు మీద సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే.

మా ఇంజనీరు అల్లుడు మూడుసార్లు పొమ్మని రాయించాడు. బోర్డు మాత్రం తీయలేదు. ఉన్నదని కూడా ఎరగడు. ఆ బోర్డు పెట్టిందెవరో పిల్ల అప్పుడే నెట్‌లో వెతికి చదివి చెప్పింది. ఆట మొదటిసారి తెరిచినప్పుడు పెట్టె లేచి రానివ్వమంటావా అని అడుగుతుందట. వద్దని నొక్కితే కంప్యూటరే ఈ ఎర్ర వరుసలు రాసుకుంటుందట.

"మామయ్య ఏదీ తియ్యొద్దన్నడు తాతా."

"మీ మామ సదవద్దని గూడ అన్నడు. తీసెయ్."

రెండూ తీసేసింది. కొడుక్కి ఫోన్ చేసి, ఒక్కసారి ఆటలోకి రమ్మన్నాను. అక్కడ బంద్ అని మొదలుపెట్టబోతే నోరు మూసుకుని రమ్మన్నాను.

కాసేపటికి కప్పు లేని ఆ ఇంట్లో, తలుపు దగ్గర, వాడి బొమ్మ వచ్చి నిలబడింది. అది గోడల వెంట ఒక చుట్టు తిరిగి పైకి చూసింది. తర్వాత వాడి గొంతు వినబడింది.

"ఇంక కప్పు ఎయ్యలేదేం బిడ్డా?"

"నువ్వు లేకుంట ఎట్లేస్త? కొలతలు నీ తాననే ఉండె."

వాడు నాతో, డ్యూటీకి పేరు ఇయ్యను బాపు అన్నాడు. అంతలోనే కిటికీ తప్పుడు దిక్కున ఉందని కూతురితో తగాదా మొదలుపెట్టాడు.

అల్లుడికి కూడా చెబుదామని ఫోన్ చేశాను. ఆట కలిసింది అన్నానో లేదో, నా మాట పూర్తి కానివ్వలేదు.

"నేను చెప్పలేదా మామా? అక్కడోళ్లు తెరిచినట్టున్నరు."

ఎర్ర వరుసల సంగతి నువ్వే చెప్పమని ఫోన్ మనవరాలికి అందించబోయాను. ఆమె చెయ్యి చాపలేదు. కిటికీ సంగతి ఇంకా తెగలేదు.