ఎదురొచ్చిన పాలక్యాను

మీ బండి ఎత్తు ఎక్కుతూ ఆగిపోతే మీరు మొదట చూసేది ఇంజన్‌నా, ఎదురుగా వచ్చిన మనిషి మొహాన్నా? తొందరపడి జవాబు చెప్పకండి. ఇంజన్ సంగతి క్షుణ్ణంగా తెలిసి కూడా మొహాన్నే చూసినవాణ్ని నేనెరుగుదును. వాడు మా అక్క కొడుకు.

ఈ పొద్దున మా పాత గనుల ఊళ్లో, ఆండర్సన్‌పేటలో మా వీధి మలుపు దగ్గర ఒక బండి దడదడలాడి, గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. బైరకూరులో అక్క ఇంటి ముందరి దిన్నె గుర్తొచ్చింది. దాంతోపాటు, తలుపు వెనక పాలక్యానుతో నిలబడ్డ మా చెల్లెలు.

మేనల్లుడు డిప్లొమా చదివి ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ముచ్చటపడి చిన్న అడ్వెంచర్ బండి కొన్నాడు. ఎత్తు సీటు, కొంగ ముక్కు లాంటి ముందు భాగం. ప్రకటనలో అది మంచుకొండలు ఎక్కింది. మా వాడికి దొరికిన కొండ మాత్రం ఇంటి నుంచి పాల డెయిరీ వైపు పోయే రాళ్ల దిన్నె ఒక్కటే. "చిన్న ఇంజన్ కదా మామా, కింద పుల్లింగ్ లేదు. బాగా తిరిగినంకనే లాగతాది, మెల్లగా పోతే సచ్చిపోతాది" అని నాకు గంటసేపు పాఠం చెప్పాడు. పాఠం పొడుగునా హ్యాండిల్‌కు కట్టిన నిమ్మకాయ ఊగుతూనే ఉంది.

మా చెల్లెలు భర్త పోయాక అక్క దగ్గరే ఉంటోంది. ఆవులు ఆమె చేతి అలికిడికే చేపుతాయి. రోజూ పొద్దున డెయిరీకి పాలు పోసి రావడం ఆమె పని. ఊళ్లోవాళ్లతో నవ్వుతూ మాట్లాడేది ఆ డెయిరీ వరసలోనే. ఒకరోజు ఆమె ఖాళీ క్యానుతో దిన్నె దిగి వస్తోంది. మేనల్లుడు అక్కను వెనక కూర్చోబెట్టుకుని రెండో గేరులో ఎక్కుతున్నాడు. ఇరుకు దారి కదా, పిన్నమ్మ పక్కకు జరిగేదాకా వేగం తగ్గించాడు. ఇంజన్ చచ్చింది. సీటు ఎత్తు, కాలు నేలకందలేదు. బండి పక్కకు ఒరిగి పడింది, అక్క మణికట్టు విరిగింది. ఇంకా లేవకముందే అక్క అన్న మాట: "పొద్దున్నే దీని మొగం ఎదురైనంక బండి యాడ నిలబడతాది!"

అవును, ఎదురొచ్చింది. గేదె ఎదురొచ్చినా ఆ ఇంజన్ అలాగే చచ్చేది. గేదెను మాత్రం ఎవరూ ఇంట్లో దాచిపెట్టరు. ఆ రోజు నుంచి మా చెల్లెలు బండి వెళ్లేదాకా గడప దాటకూడదని కట్టడి. బండి వెళ్లేసరికి డెయిరీ మూసేస్తారు. పాలు పక్కింటావిడ చేత పంపుతున్నారు. చెల్లెలికి ఆ వరసా పోయింది, ఆ నవ్వూ పోయింది.

కోరమండల్ గని కార్మికుల లైన్ ఇళ్లలో మా చిన్నతనాన ఇదే చూశాను. షిఫ్టుకు బయల్దేరిన మగవాళ్లు భర్త లేని మనిషి ఎదురైతే వెనక్కి వచ్చి, నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరేవాళ్లు. మనుషుల్ని గనిలోకి దించే ఇనుప బోను మాత్రం ఎవరి శకునం కోసమూ ఆగేది కాదు. గనులు మూతపడ్డాయి. ఆ మంచినీళ్ల చెంబు మాత్రం మూతపడలేదు.

కబురు తెలిసి బైరకూరు వెళ్లి, అందరి ముందూ మేనల్లుణ్ని దిన్నె ఎక్కమన్నాను. ఎదురుగా ఎవరూ లేరు. రెండో గేరులో సగం దాకా వచ్చి మెల్లగా చేశాడు, ఆగిపోయింది. మళ్లీ ఎక్కాడు, మళ్లీ ఆగింది. అప్పుడు మొదటి గేరు వేయించి, క్లచ్ కాస్త పట్టించి, ఇంజన్ గట్టిగా తిప్పమని, చెల్లెల్ని క్యానుతో ఎదురు నడిపించాను. బండి గర్జించుకుంటూ ఎక్కింది. "అక్కా, నీ శకునమే మంచిదిగా ఉండాదే!" అని ఎవరో మా చెల్లెల్ని చూసి ఈలవేశారు. నాకు ఒళ్లు మండింది. గేరుకు దక్కాల్సిన మెప్పును కూడా శకునానికే కట్టబెట్టారు!

అక్క కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అంతా చూసింది. "బండి సంగతి నువ్వు చెప్పిందే నిజం అప్పా, ఒప్పుకుంటాను. అయినా రేపు ఏమన్నా అయితే? అది కొంచేపు లోపల ఉంటే దానికేం పోతాది?"

తర్వాత మేనల్లుడు వెనక చక్రానికి చెయిన్ పట్టే పళ్లచక్రం, స్ప్రాకెట్, ఎక్కువ పళ్లది వేయించాడు. కింద పుల్లింగ్ వచ్చింది. పైన వేగం కొంచెం తగ్గింది. ఇప్పుడు బండి దిన్నె మీద ఆగదు. నిమ్మకాయ వారం వారం మారుతోంది. కిందటిసారి వెళ్లినప్పుడు చెల్లెలు పక్కింటావిడకు ఇవ్వాల్సిన క్యాను పట్టుకుని గడప దగ్గర ఉంది. బండి స్టార్టయిన చప్పుడు వినబడింది. లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు. తనంతట తానే తలుపు వెనక్కి జరిగింది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"వాణ్ని పోనీలే, అన్నా. ఇంగ నాకు అలవాటైపోయిండాది."

ఆ మాట మీద నాకు ఇప్పటికీ నిద్ర సరిగా పట్టదు. స్ప్రాకెట్ మార్చడానికి ఒక్క పూట పట్టింది. ఆ తలుపు వెనక నుంచి ఒక్క అడుగు వేయడానికి తరాలు చాలడం లేదు. కాలం తనంతట తాను ఏ దిన్నే ఎక్కదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రేపు పొద్దున బండి తీసే ముందు మీ ఇంటి తలుపు వెనక చూడండి. ఎవరైనా నిలబడి ఉంటే ముందు ఆమెను బయటికి రానివ్వండి. ఆమె మీకు ఎదురుగా నడిచి వెళ్లాకే తాళం తిప్పండి.