చలిలో వంగిన తీగ

పాల్వంచలో నేను పనిచేసిన టెస్టింగ్ ల్యాబుకు తొంభైల మొదట్లో ఒక కొత్త రకం తీగ వచ్చింది. నికెల్, టైటానియం కలిపి చేసినది. మెషీన్‌లో బిగించి లాగితే మొదట మొండికేసేది. ఒక హద్దు దాటాక మాత్రం బలం పెంచనక్కర్లేకుండానే సాగుతూ పోయేది. వదిలితే వెనక్కి వచ్చేసేది. అంత సాగిన ఉక్కు మళ్ళీ పాత పొడవుకు రాదు. పదే పదే లాగితే ఇందులోనూ రవ్వంత సాగుదల మిగిలిపోతున్నట్టు గ్రాఫులో కనిపించేది గానీ, ఎలాగూ తిరిగొస్తుందిలే అని నేను పట్టించుకోలేదు.

ఇంట్లో కూడా నాది అదే ధీమా. నా మాట కటువు. నొచ్చుకున్నప్పుడల్లా నా భార్య చర్లలోని పుట్టింటికి వెళ్ళేది. మగడు వెళ్ళి తీసుకురావడం మా వైపు మర్యాద. నేనెప్పుడూ వెళ్ళలేదు, డ్యూటీ అనేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆమే బస్సెక్కి వచ్చి, ఏమీ జరగనట్టు పొయ్యి వెలిగించేది.

ఆ ఏడు వానాకాలంలో వెళ్ళిన మనిషి చలికాలం వచ్చినా రాలేదు. చివరికి నేనే బయలుదేరాను. ఏమనాలో తోచక, జేబులో ఆ తీగ ముక్క ఒకటి వేసుకున్నాను.

పొద్దున్నే వాళ్ళ వాకిట్లో కూర్చున్నాను. నా చేతిలో తీగ చూసి అత్త, "ఏంది అల్లుడా, పండ్ల సందుల్ల కుట్టుకునే పుల్ల మా ఇంట్ల దొరకదనుకున్నవా?" అన్నది. నా భార్య చాయ్ తెచ్చి ముందు పెట్టింది. ఎంత వంచినా ఎలా తిరిగొస్తుందో చూడమని తీగను వేలికి చుట్టి వదిలాను. అది కొక్కెంలా వంగే ఉండిపోయింది. ల్యాబు వేడిలో తప్ప దాన్ని నేనెన్నడూ వంచి చూడలేదు. అంత చలిలో వదిలినంత మాత్రాన తిరిగిరాదు, కాస్త వెచ్చబడాలి. చదువుకున్న సంగతే, మరిచిపోయాను. అదే చెప్పి నా చాయ్‌లో ముంచాను. గ్లాసులోనే చటుక్కున నిటారైంది.

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు ఎంత మొహం వాచి ఉన్నానో నాకు అప్పుడు తెలిసింది.

"మంచిగున్నది. ఈ తీగ ముచ్చట చెప్పనీకే వచ్చిన్రా?" అని అడిగింది.

నిన్ను తీసుకుపోవడానికి వచ్చాను, తప్పు నాదే అనాలి. ఆమె అలాగే నిలబడి ఉంది. నేను, సెలవు దొరికింది, ఊరికే ఇటు వచ్చానన్నాను.

"అవ్. గట్లనే అనుకున్న," అంటూ గ్లాసు తీసుకొని లోపలికి వెళ్ళింది. తీగ అందులోనే ఉంది.

సాయంత్రం బస్సుకు ఒక్కణ్ణే తిరిగొచ్చాను. ఆమె మళ్ళీ పాల్వంచ బస్సెక్కలేదు. ఇప్పటికీ చలి ఉదయాల్లో చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుంటే ఆనాడు అనకుండా మింగిన మాట నోటిదాకా వస్తుంది. వినడానికి ఎదురుగా ఆమె నిలబడి లేదు.