ఆదివారం ఆదాము, సోమవారం కోతి

మా స్టాఫ్ రూములో నా మీద ఒక మాట ఉండేది. "మేడంకు ఆదివారం ఆదాము, సోమవారం కోతి" అనేవారు. మొదట అన్నది లెక్కల సారు. తర్వాత అది నాకు ఇంటిపేరులా అతుక్కుంది. నేను కోరుట్లలో సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఆదివారం జగిత్యాలలో పూజకు పోతాను. చర్చిలో జరిగే బలిపూజను మా కతోలికులం పూజ అనే అంటాం. పదో తరగతికి పరిణామం పాఠం వచ్చిందంటే చాలు, సారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి, ఈ వారం మీ ఇంట్లో ఎవరి వంతు మేడం అని అడిగేవాడు.

నాకు కోపం వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండేది. మా బజారులో ఒక పాస్టరు ఆ పాఠాన్ని సైతానే రాశాడని పిల్లలకు చెప్పేవాడు. మా కతోలిక తిరుసభకు ఆ పేచీ లేదు. ఒళ్ళు ఏ దారిన వచ్చిందో శాస్త్రాన్ని వెతుక్కోనివ్వండి అంటుంది. ఆత్మను మాత్రం ప్రతి మనిషికీ దేవుడే స్వయంగా ఇస్తాడంటుంది. తగాదా మీకు కావాలి గానీ నాకక్కర్లేదని సారుకు జవాబిచ్చేదాన్ని. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిందని వాళ్ళు అనుకుంటే, ఉన్నది ఒకటే పడవ అని నేను అనుకునేదాన్ని. అంత పొగరు ఉండేది నాకు.

ఆ పొగరు మా బాపు పెట్టిన భిక్ష. మాది సిరిసిల్ల, నేతగాళ్ళ ఇల్లు. బాపు చిన్నప్పుడు ఆయన చెల్లెలికి ప్రాణం మీదికి వస్తే సిస్టర్ల దవాఖానాలో బతికిందట. పిల్ల బతికినందుకు మా తాత ఇంటిల్లిపాదికీ జ్ఞానస్నానం ఇప్పించాడు. బాపు ముందు చేనేత మగ్గం నేశాడు. మగ్గాలు పోయాక పరాయివాళ్ళ సాంచెలు నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. ఆదివారం మాత్రం ఆయన ఉపదేశి. సైకిలెక్కి రుద్రంగి దాకా పోయి, ఫాదర్ రాలేని ఊళ్ళలో పిల్లలకు జపాలు నేర్పేవాడు.

జన్మపాపం అంటే ఏమిటో చెప్పడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పడుగులో ఒక్క పోగు తప్పుగా ఎక్కిందనుకోండి. తర్వాత ఎంత మంచి పేక వేసినా, గుడ్డ తాను పొడుగునా ఆ గీత పడుతూనే ఉంటుంది. నేసేవాడి తప్పేమీ లేదు, వాడి చేతికి వచ్చిన పోగే అట్లాంటిది. ఆదాము కాడికెల్లి మనదాంక గట్లనే అచ్చింది, అని ముగించేవాడు. పిల్లలకు అది టక్కున ఎక్కేది.

నేను టీచరయ్యాక ఆ పోగును ఎత్తుకొచ్చి నల్లబల్ల మీద పెట్టాను. జన్యువులో ఒక అక్షరం తప్పు పడితే తరతరాలా నడుస్తుందని చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పైగా నా సొంత మాట ఒకటి కలిపేదాన్ని. ఇట్లాంటి తప్పులు పడకపోతే ఇంకా చెరువులో నాచుగానే ఉండేవాళ్ళం, మనల్ని మనుషుల్ని చేసింది తప్పులే, కాబట్టి తప్పులకు దండం పెట్టండి అనేదాన్ని. పిల్లలు నవ్వుకుంటూ నిజంగానే చేతులు జోడించేవారు.

మాకు ఒక్కడే కొడుకు. మా ఆయన మస్కట్‌లో డ్రైవరు, సెలవు దొరికినప్పుడే వస్తాడు. వాణ్ణి పెంచింది నేనూ బాపూ. వాడికి చిన్నప్పటి నుంచీ పిక్కలు బలంగా ఉండేవి. చూసినవాళ్ళు ఒకసారి పట్టి చూడకుండా ఊరుకునేవారు కాదు. బాపుకైతే ఆ పిక్కలంటే ప్రాణం. గుంట మగ్గంలో కూర్చుని పొద్దంతా తొక్కితే నేతగాళ్ళ పిక్కలు అట్లాగే గట్టిపడతాయి. "మా తాత పిక్కలు గివి. మగ్గం పోయినా గివి పోలే" అని, వాడి లాగు పైకి జరిపి మరీ ఇరుగుపొరుగుకు చూపించేవాడు.

నేను ఎగతాళి చేసేదాన్ని. తాత మగ్గం తొక్కితే మనవడికి పిక్కలు రావు బాపూ, ఆ సిద్ధాంతాన్ని ఎప్పుడో కొట్టేశారు అనేదాన్ని. కమ్మరి చేతి బలం కొడుక్కి రాదు, జిరాఫీ మెడ చాపితే పిల్ల మెడ పెరగదు, మా బడి పిల్లలకు కూడా తెలుసు అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయన చెప్పిన కారణం తప్పని నాకు అంత బాగా తెలుసు. మరి అసలు కారణం ఏమిటన్నది ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఇంకో కులంలో అయితే చంటివాడికి ఇంత లావు పిక్కలేమిటని ఎవరో ఒకరు అనుమానపడేవారేమో. మేము మురిసిపోయాం.

బడికి పోయే వయసులో వాడు ఊరికే పడిపోవడం మొదలుపెట్టాడు. మెట్లెక్కలేకపోయేవాడు. కింద కూర్చుంటే, తన మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు వేసుకుంటూ తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు లేచేవాడు. జగిత్యాలలో పిల్లల డాక్టరు కూడా లాగు పైకి జరిపి పిక్కలు పట్టి చూశాడు. ఆయన మెచ్చుకోలేదు. హైదరాబాదు పంపించాడు.

ఒంట్లో కండ చచ్చిపోతూ, దాని చోట కొవ్వు నిండే జబ్బు అది. మేము బలం అనుకున్నది అదే. నయం చేసే మందు లేదు. మగపిల్లలకు వస్తుంది, తల్లి ద్వారా వస్తుంది. నా రక్తం కూడా పరీక్ష చేశారు, నాలోనే ఉంది. అక్కడి డాక్టరు తెల్ల కాగితం మీద బొమ్మ గీసి వివరించబోయాడు. నేను బయాలజీ టీచర్నండీ అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

సిరిసిల్లకు పోయి బాపుకు చెప్పాను. అప్పటికి సాంచెల పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. వినికిడి తగ్గింది కాబట్టి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"పడుగు మనదేనా బిడ్డా?" అని అడిగాడు.

ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు. ఆయన లెక్కలో పోగు అంటే పాపం. పాపం కాదు బాపూ, ఎవరూ ఏమీ చేయలేదు, ఒంట్లో కణాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి, అట్లా రాసేటప్పుడు ఒక తప్పు దొర్లిందని చెప్పాను. అది నీ నుంచి వచ్చి ఉండదు, వస్తే అమ్మ నుంచే వచ్చి ఉంటుందని కూడా చెప్పి ఉండవచ్చు. కానీ అమ్మ పోయి చాలా కాలమైంది, మట్టిలో ఉన్న మనిషి మీద ఆ నెపం ఎందుకు వేయాలి?

"మరి గట్ల రాసుకొమ్మన్నదెవరు బిడ్డా?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఉపదేశానికి పోవడం మానలేదు గానీ, పోగు సంగతి పిల్లలకు చెప్పడం మానేశాడు. బడిలో నేనూ మానేశాను.

జగిత్యాలలో ఫాదర్ దగ్గరకు పోయాను. మంచివాడు, చదువుకున్నవాడు. దేవుడు ఎవరికీ జబ్బులు పంపడమ్మా అన్నాడు. సృష్టికి దాని నియమాలు దానికి ఉన్నాయని, మనం ఏడ్చేటప్పుడు ఆయన మన పక్కనే ఉంటాడని చెప్పాడు. వాటిలో ఏ ఒక్కటీ అబద్ధమని నేను అనలేను. నేను అడిగింది ఇది. తప్పుల ద్వారానే మనిషిని చేశాడని మనమే ఒప్పుకున్నాం కదా ఫాదర్, పనికొచ్చిన తప్పులను ఏరుకుని పనికిరానివాటిని పారేస్తూ వచ్చాడు కదా, నా కొడుకు ఆ పారేసిన కుప్పలో ఉన్నాడా? ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అట్లా అనవద్దమ్మా అన్నాడు. వాడి కోసం పూజ చేస్తానన్నాడు, చేశాడు కూడా.

తగాదా లేకపోవడమే నా కొంప ముంచింది. లెక్కల సారుకు దేవుడు లేడు కాబట్టి ఆయన దృష్టిలో ఇది జరిగింది, అంతే. పక్కింటామె పోయిన జన్మలో ఎవరి ఉసురో తగిలిందని అంది. పాస్టరు సైతాను పని అన్నాడు, తైలం తెచ్చి ప్రార్థన చేస్తానని కూడా అన్నాడు. వాళ్ళందరికీ నెపం వేయడానికి ఒక చోటు ఉంది. నేను శాస్త్రాన్నీ దేవుణ్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి రాజీ చేసినదాన్ని. తప్పులు పడే ప్రకృతీ ఆయనదే, తప్పు పడిన నా కొడుకూ ఆయన వాడే. తిట్టాలన్నా ఆయననే, మొక్కాలన్నా ఆయనకే. మింగలేను, కక్కలేను. ఇంత దిక్కులేనితనం నాకు ఎన్నడూ తెలియదు.

వాడు చక్రాల కుర్చీలోకి వచ్చాడు. బడి దూరమైతే ఇంట్లోనే నా పుస్తకాలన్నీ చదివేశాడు. చేతుల్లో బలం ఉన్నన్నాళ్ళూ చర్చిలో వాడికి ఒక పని ఉండేది. మట్టల ఆదివారం నాడు దీవించిన ఈత మట్టలను మేము ఏడాదంతా మరియమ్మ పటం వెనక దాచుకుంటాం. మళ్ళీ తపస్సు కాలం, అంటే ఈస్టరుకు ముందటి నలభై రోజులు, వచ్చే ముందు అందరం వాటిని చర్చికి తెస్తాం. వాటిని కాల్చిన బూడిదనే విభూది బుధవారం నాడు ఫాదర్ నొసట పెట్టి, నువ్వు మట్టివి, మట్టిలోనే కలుస్తావు అని గుర్తు చేస్తాడు. ఎండిన మట్టలను తుంచి ఇనుప తట్టలో వేయడం వాడి పని. ఒకసారి బూడిద పెట్టించుకుని ఆటోలో కోరుట్లకు వస్తుంటే, వాడు నొసలు తడుముకుంటూ అడిగాడు.

"మట్టిలకెల్లి సక్కగ అచ్చిన్నా అమ్మా, చాపల, కోతుల మీదికెల్లి అచ్చిన్నా?"

నాకు నవ్వాగలేదు. ఆదివారం ఆదాము, సోమవారం కోతి, బుధవారం బూడిద అన్నాను. వాడికి ఆ మాట తెగ నచ్చింది. ఇంటికి రాగానే తాతకు ఫోన్ చేసి, ఆయనకు వినబడేదాకా అరిచి అరిచి చెప్పాడు. మేము ముగ్గురం కడుపారా నవ్విన రోజు అదే ఆఖరు అనుకుంటాను.

తర్వాత చేతులూ పోయాయి. ఒక మధ్యాహ్నం నేను వాడి కాళ్ళకు నూనె రాస్తున్నాను. పూజలో చెబుతాం కదా, శరీరాలు మళ్ళీ లేస్తాయని, అది ఆత్మ గురించా, నిజంగా ఒంటి గురించా అని అడిగాడు. ఒంటి గురించే అన్నాను. మా విశ్వాసం అదే.

"గీ కాళ్ళే ఉంటయా?"

ఉండవు కొడుకా, దేవుడు మంచి కాళ్ళు ఇస్తాడు, నడుస్తావు, ఉరుకుతావు అన్నాను. ఉపదేశి బిడ్డను, ఆ మాటలు నాకు నోటికి వచ్చు. వాడు ఏడవలేదు, కోపగించుకోలేదు. లెక్కలో ఎక్కడ తప్పిందో దొరికినట్టు మెల్లగా అన్నాడు.

"ఒంట్ల ప్రతి కణంల గీ తప్పు ఉన్నదని నువ్వే చెప్పినవ్ గద. గదంత తీసేసి లేపితే, లేశేటోడు నేనెట్లయిత అమ్మా? గాడు వేరే పిలగాడు."

నా చెయ్యి వాడి పిక్క మీదే ఉంది. కాసేపటికి వాడే ఫ్యాను పెంచమన్నాడు. లేచి పెంచాను.

ఆ ఏడు తపస్సు కాలంలోనే వాడికి దగ్గు పట్టింది, ఊపిరి అందలేదు. జగిత్యాల ఆస్పత్రికి ఫాదర్ వచ్చి నొసటా అరచేతుల్లో తైలం పూసి, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకు ఇచ్చే అవస్థ అభ్యంగనం ఇచ్చాడు. వాడు పోయాక, మా ఆయన మస్కట్ నుంచి వచ్చేదాకా పెట్టె మూయకుండా ఆపాం. సిరిసిల్లలో మా అమ్మ పక్కన పెట్టాం. స్నానం చేయించింది నేనూ బాపూ. ఒళ్ళంతా కట్టెలా అయిపోయింది గానీ పిక్కలు మాత్రం అట్లాగే నిండుగా ఉన్నాయి. బాపు నీళ్ళ చెంబు కింద పెట్టి, వాటి మీద చెయ్యి వేశాడు.

"మా తాతయి కావు గద బిడ్డా" అన్నాడు.

కావు బాపూ అన్నాను.

దేవుడిచ్చిన ఆత్మ దేవుని దగ్గరకే పోయిందని అందరూ ఓదార్చారు. పోయే ఉంటుంది. నేను ఎత్తుకున్నది, తుడిచింది, నూనె రాసింది ఆ ఒంటికి. ఆత్మను నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పటికీ ఆ పాఠం చెబుతాను. తప్పులకు దండం పెట్టించను. లెక్కల సారు నా మీద మాట అనడం మానేశాడు. అన్నా బాగుండు, మా ఇంట్లో ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు ఉండేది. బాపు ఇక రుద్రంగి పోవడం లేదు. పిల్ల బతికిందని గీ మతంలకు అచ్చినం, అని ఒకసారి అని, మిగతాది అనకుండా ఊరుకున్నాడు. మరియమ్మ పటం వెనక ఈత మట్ట ఉంది. ఈ ఏడు దాన్ని తీసుకుపోలేదు.

ఆదివారం జగిత్యాలకు మాత్రం పోతూనే ఉన్నాను. మానేస్తే వాడికీ నాకూ మధ్య ఉన్న ఆ కాస్త దారి కూడా మూసుకుపోతుందని భయం. విశ్వాస సంగ్రహం చెప్పేటప్పుడు అందరితో పాటు లేచి నిలబడతాను. సృష్టికర్తను నమ్ముతున్నానని చెబుతాను, పాపాల మన్నింపును నమ్ముతున్నానని చెబుతాను. శరీరాలు మళ్ళీ లేస్తాయన్న చోటికి రాగానే నోరు ఆగిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మాట దాటి ముందుకు పోతారు. నేను ఇంకా అక్కడే ఉంటాను. ఎవరిని లేపమని అడగను? ఆ తప్పు లేని కొడుకును లేపితే వాణ్ణి నేనెన్నడూ చూడలేదు. నా కొడుకునే లేపితే వాడు లేచి నిలబడలేడు.