ఐదడుగుల తలుపులు

నా రెండు కళ్ల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

ఐటీవాళ్లు పోటీపడి ఫాంహౌస్‌లు కట్టిస్తున్న రోజుల్లో, మొయినాబాద్‌లో కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీసేవాణ్ని. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క తలుపు తయారుచేసుకుంటే చాలు, కొలతలు మార్చుకుంటూ ఇల్లంతా వాడుకోవచ్చు. ఒక ఇంట్లో దేవుడి గదికి, తల వంచి వెళ్లేలా, ఐదడుగుల తలుపు పెట్టాను. కంప్యూటర్ తనంతట తానే మిగతా పదకొండు తలుపులనూ ఐదడుగులకు దించేసింది!

ఆ ప్లాన్ చూసి చేవెళ్ల వడ్రంగి యాదయ్య ఫోన్ చేశాడు. "అన్నా, అన్నీ గింత పొట్టిగున్నయేంది?"

"కాయితంల ఉన్నట్టు చెయ్యి. నాకే నేర్పుతవా?" అని కసిరాను.

ద్వారబంధాలు నిలబెట్టిన రోజు, మొదటిదాంట్లోనే ఓనర్ నుదురు ఠంగుమంది.

"టేకంతా ఖరాబ్ చేసినవ్! జర గూడ అక్కల్ లేదా? నడువ్ ఈడికెళ్లి!" అని యాదయ్య మీద విరుచుకుపడ్డాడు. యాదయ్య నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

కంప్యూటర్ తనంతట తానే మార్చిందన్నది మాత్రం నా కల్పన. 'ఈ ఒక్క తలుపుకా, అన్నిటికీనా?' అని అది అడిగింది. చదవకుండా 'అన్నిటికీ' నొక్కింది నేనే.

ఇప్పటికీ చేవెళ్లలో నేను కనబడితే యాదయ్య దభీమని తలుపేసుకుంటాడు. నిండా ఏడడుగుల తలుపు.